అ మాత్రం నేను రాయిస్తాను

పోయిన నెల మా అమ్మాయి ఒక జర్మన్ నవలని వంటింటి బల్ల మీద పెట్టి, తీరిక ఉన్నప్పుడు చదవమని చెప్పి బడికి వెళ్లిపోయింది. వాళ్ల పన్నెండో తరగతికి పాఠంగా పెట్టారట. నా జర్మన్ కూరగాయలు కొనుక్కోవడానికి, డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకోవడానికి, ఇంటాయన అద్దె పెంచినప్పుడు దెబ్బలాడటానికి సరిపోయేదే కానీ నవలలు చదివేటంతటిది కాదు. అయినా పక్కన ఫోన్‌లో నిఘంటువు తెరిచి పెట్టుకుని, రోజూ పొద్దున్నే పని ముగించుకుని, కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూచుని పట్టు వదలకుండా చదివేశాను. యూరపులో ఏదో పెద్ద నగరంలో పుట్టి పెరిగిన ఒక ముస్లిం అమ్మాయి కథ అది. ఇంట్లో తండ్రి ఒకవైపు లాగుతుంటాడు, బళ్లో స్నేహితులు ఇంకోవైపు లాగుతుంటారు, ఆ పిల్ల మధ్యలో నలిగి నలిగి, చివరికి ఒక సంచీ భుజాన వేసుకుని ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్లిపోతుంది. బాగా రాశారు, కాదనను, రెండు మూడు చోట్ల కళ్లు తుడుచుకున్నాను కూడా. కానీ పుస్తకం మూశాక నాకు దిగులు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఆ పిల్లని లాగినవి రెండే తాళ్లు. మమ్మల్ని లాగినవి ఎన్నని చెప్పను? పైగా రైలెక్కి పారిపోయే సదుపాయం మాకు లేదు, అప్పటికే విమానం ఎక్కి వచ్చిన వాళ్లం.

మాది ప్రకాశం జిల్లా, దూదేకుల వాళ్లం. నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, చలికాలం ముందు వీధిలోకి ఒక మనిషి పెద్ద విల్లు భుజాన వేసుకుని వచ్చేవాడు, అరుగు మీద పాత పరుపు విప్పి, ఆ విల్లు తీగని దూదిలో మోగిస్తుంటే ముద్దలు కట్టిన దూది పొగలాగా పైకి లేచేది, పిల్లలందరూ చుట్టూ చేరి తుమ్ముతూ నవ్వుతూ చూసేవాళ్లు. మా ఊళ్లో ఆ మనిషి మా నాయన. మా ఇంట్లో ఉర్దూ ఒక్క ముక్క లేదు. నమాజులో చదివేవి అరబ్బీలో బట్టీపట్టినవి, మిగిలిన బతుకంతా తెలుగే. మా నాయనమ్మ నమాజు ముగించి, చేతులు చాపి, తన కష్టసుఖాలన్నీ అల్లాకి తెలుగులోనే చెప్పుకునేది, ఆయనకి తెలుగు వస్తుందో రాదో అన్న అనుమానం ఆమెకి ఏనాడూ కలగలేదు.

నాకు అక్షరాలు దిద్దించిన రోజు నాకు లీలగా గుర్తుంది, మిగిలింది మా అమ్మ చెప్పగా విన్నది. మా నాయనకి చదువు రాదు, సంతకం కూడా వేలిముద్రే. ఆడపిల్లనైనా సరే నన్ను చదివించి తీరాలని ఆయనకి పట్టుదల. ఇంట్లో బిస్మిల్లా చదివించాక, కొత్త గౌను తొడిగి, పళ్లెంలో బియ్యం పోసుకుని, నన్ను ఎత్తుకుని మా వీధి చివర ఉండే మేష్టారి ఇంటికి తీసుకెళ్లాడు. నుదుట విభూతి రేఖలతో ఉండే ఆ మేష్టారు అరుగు మీద కూచుని, ముందు మీ దేవుడి పేరు మీరు తలుచుకోండి అన్నారట. మా నాయన తనకి వచ్చిన నాలుగు మాటలూ కళ్లు మూసుకుని అనుకున్నాడు. తర్వాత మేష్టారు నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని, నా వేలు పట్టి బియ్యంలో అ రాయించారు. అంతే. ఆ పనిలో ఎవరికీ ఏ వింతా కనబడలేదు. ఆ అ పట్టుకునే నేను తెలుగు పండిట్ ట్రైనింగు దాకా వెళ్లి, జిల్లా పరిషత్ హైస్కూల్లో పన్నెండేళ్లు పదో తరగతికి తెలుగు చెప్పాను.

డ్రెస్డెన్ వచ్చింది జర్మనీ వాళ్లు బయటి దేశాల ఉద్యోగులకి బ్లూ కార్డులు కొత్తగా ఇస్తున్న రోజుల్లో. మావారికి ఇక్కడ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, నేను సర్కారు ఉద్యోగానికి నమస్కారం పెట్టి, పాపని చంకనేసుకుని వచ్చేశాను. ఊళ్లో బయటికి వెళ్తే చీరకొంగు తలమీద కప్పుకునే అలవాటు, ఇక్కడి చలికి చీరలు పెట్టెలోకి వెళ్లిపోయాక ఆ కొంగు స్థానంలోకి స్కార్ఫు వచ్చింది. ఆ రోజుల్లో సోమవారం సాయంత్రాలు పాత నగరం వైపు జనం జెండాలు పట్టుకుని ఊరేగేవారు, మాలాంటి వాళ్లు ఇక్కడికి రాకూడదని. మా ఎదురింట్లో ఒంటరిగా ఉండే జర్మన్ ముసలావిడ సోమవారం పొద్దున్నే మెట్ల దగ్గర కాపు కాసి, సామాన్లేమన్నా కావాలంటే మధ్యాహ్నం లోపలే తెచ్చేసుకోమని చెప్పేది. మావారు అంతకంటే ఒక అడుగు ముందుకు వేసి, పోనీ సోమవారాలు ఒక్కటీ ఆ స్కార్ఫు తీసేయకూడదా అన్నారు. సోమవారం ఒక మనిషినీ మంగళవారం ఒక మనిషినీ కావడం నాకు చేతకాదని చెప్పాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక మా మసీదు సంగతి. ఒక పాత దుకాణం వెనక రెండు గదులు, అదే మసీదు. ఆడవాళ్లలో కొందరు అరబ్బీ, కొందరు టర్కిష్ మాట్లాడుకునేవారు. లాహోరు నుంచి వచ్చిన ఒకావిడ నన్ను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉర్దూలో గలగలా మొదలుపెట్టింది. నేను బళ్లో చదివిన హిందీతో తడుముకుంటుంటే, ఇండియా ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా అని ముక్కున వేలేసుకుంది. మంచి మనిషే, మా పాపకి శనివారాలు అలీఫ్ బే అని అరబ్బీ అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే. కానీ నన్ను చూసినప్పుడల్లా ఆవిడ కళ్లలో అయ్యో పాపం అన్న భావం ఒకటి ఉండేది. అటు తెలుగు వాళ్లలోకి వెళ్తే ఇంకో రకం. మొదటి ఉగాదికి వెళ్లినప్పుడు, పచ్చడి గ్లాసు అందిస్తూ ఒకాయన, మీరు తెలుగు భలే మాట్లాడతారండీ, ఎక్కడ నేర్చుకున్నారు అని మెచ్చుకోలుగా అడిగాడు. పన్నెండేళ్లు సంధులూ సమాసాలూ చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషిని నేను. మా అమ్మ దగ్గరండీ అన్నాను. ఆయన నవ్వాడు కానీ అర్థమైనట్టు లేదు.

అప్పుడే పిల్లలు మాస్టర్స్ చదువులకని తండోపతండాలుగా దిగడం మొదలైంది. డ్రెస్డెన్‌లోనూ, పక్కన కెమ్నిట్జ్‌లోనూ ఎక్కడ చూసినా వీపున సంచులతో తెలుగు మాటలే. రంజాన్‌కి ఒక అరడజను మంది తెలంగాణ పిల్లల్ని భోజనానికి పిలిచాం. పాపం, ముసల్మాన్ల ఇల్లు కదా అని పొద్దున్నించీ కడుపు ఖాళీ పెట్టుకుని వచ్చారట. నేను మా ఇంటి పద్ధతిలో మాంసం పులుసూ తెల్లన్నమూ వడ్డించేసరికి వాళ్ల మొహాలు చూడాలి. అందులో హన్మకొండ పిల్లవాడు ఒకడు ఉండబట్టలేక, ఆంటీ, బిర్యానీ ఉండదా అని అడిగేశాడు. మాకు రాదు నాయనా అన్నాను. పై ఆదివారం ఆ పిల్లవాడే బియ్యమూ మసాలాలూ మోసుకొచ్చి, మా వంటింట్లో నిలబడి నాకు బిర్యానీ దమ్ చేయడం నేర్పాడు. ఇప్పటికీ మా ఇంట్లో పండగకి వండేది ఆ హిందూ పిల్లవాడి బిర్యానీయే.

ఇన్ని నవ్వులాటల మధ్య నన్ను నిజంగా కలవరపెట్టింది మాత్రం పిల్లల మాట. మా పాప కిటా నుంచి, అంటే ఇక్కడి పసిపిల్లల బడి నుంచి వచ్చి, నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పేది. ఇంటింటా అదే వరస. తెలుగు సంఘం నడిపే అక్క, కరీంనగర్ ఆవిడ, దసరా నుంచి ఆదివారాలు పిల్లలకి తెలుగు తరగతి పెడదామని తలపెట్టింది. ఆ మాట చెవిన పడిన రోజే వెళ్లి నేను చెప్తాను అన్నాను. అక్క నన్ను కావలించుకుంది. విజయదశమి రోజు పిల్లలందరికీ సామూహికంగా అక్షరాభ్యాసం చేసి, ఆ రోజే తరగతి మొదలుపెట్టాలని అనుకున్నాం. కొన్నేళ్ల తర్వాత నేను మళ్లీ మనిషినైనట్టు అనిపించింది.

అదే ఏడు ఆగస్టులో మా పాప ఒకటో తరగతిలో చేరింది. ఇక్కడ బడి మొదటి రోజు పిల్లల చేతికి జుకర్‌ట్యూటే ఇస్తారు. అట్టతో చేసిన పెద్ద పొట్లం, మన బఠాణీల పొట్లం ఆకారమే, కాకపోతే ఇంచుమించు పిల్ల ఎత్తు ఉంటుంది, దాని నిండా మిఠాయిలూ పెన్సిళ్లూ బొమ్మలూ. మాకు ఆ సంగతి తెలియదు, తెలియకుండానే బడికి తీసుకెళ్లి పాపని అందరిలో వెర్రిదాన్ని చేసే వాళ్లమే. ఎదురింటి ముసలావిడ ముందుగానే పసిగట్టి, తనే ఒకటి చేసి తెచ్చిపెట్టింది. యుద్ధం అయిపోయిన కొత్తలో తను బడికి వెళ్లినప్పుడు అమ్మ దగ్గర మిఠాయిలు లేక, పొట్లం అడుగున బంగాళాదుంపలు పోసి పైన కాసిని చాక్లెట్లు పెట్టిందట. మా పాప ఆ జుకర్‌ట్యూటేని కావలించుకుని దిగిన ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. బడి మొదలవ్వాలంటే అది ఉండి తీరాలని ఆ పిల్ల బుర్రలో అప్పుడే నాటుకుపోయింది.

వినాయక చవితికి సంఘం వాళ్లందరూ ఒక హాల్లో కలిశారు. మేమూ వెళ్లాం, ఎప్పుడూ వెళ్తాం. తిరిగి వచ్చేటప్పుడు ట్రాములో పాప నా ఒళ్లో తల పెట్టుకుని, మనం తెలుగు వాళ్లం కాదా అమ్మా అని జర్మన్‌లో అడిగింది. ఎవరన్నారు అంటే, ఎవరో పిల్లవాడట, తెలుగు వాళ్ల ఇళ్లలో పూజ ఉంటుంది, మీ ఇంట్లో లేదు, అందుకని మీరు తెలుగు కాదు అన్నాడట. ఆ పిల్లవాడి మీద నాకు కోపం రాలేదు, ఇంట్లో విన్న మాటేదో తనకి తోచినట్టు అన్నాడు. కానీ నా ఒళ్లు మాత్రం మండిపోయింది. సోమవారం ఊరేగే వాళ్లు నువ్వు మా దేశం కాదు అంటే ఒక రకం. వాళ్ల దేశం నేను వచ్చి చేరిన దేశం, అక్కడ నాకు వాటా ఉందో లేదో వాదించుకోవచ్చు. తెలుగు అలా కాదు. అది నాకు ఎవరూ ఇచ్చింది కాదు, మా నాయనమ్మ దేవుడితో మాట్లాడిన భాష. దాన్ని నా బిడ్డ చేతుల్లోంచి ఎవరన్నా లాక్కుంటుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. మా స్టాపు వచ్చి దిగే లోపలే, ఏమైనా సరే ఆ తరగతి నేనే చెప్పాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

సరిగ్గా ఆ తర్వాతి వారమే అక్క మా ఇంటికి వచ్చింది. టీ తాగుతూ చాలాసేపు నీళ్లు నమిలింది. పేర్లు ఇచ్చినవాళ్లు తక్కువ అంది, హాలుకి టెర్మిన్ దొరకడం కష్టంగా ఉంది అంది, చివరికి అసలు మాటలోకి వచ్చింది.

“చెల్లె, నాకైతే ఏం లేదు. నీకంటే మంచిగ చెప్పెటోళ్లు ఎవరున్నరు ఈడ? కానీ పేరెంట్స్ అందరు ఒక్కతీరు ఉండరు గద. అక్షరాభ్యాసమంటే పూజ లెక్క. నువ్వు వెనకనుంచి పాఠాలు తయారు చేసియ్యి, ముంగట వేరేటామె నిలబడ్తది. ఏమనుకోకు.”

ముందు నిలబడబోయే ఆవిడ చిన్నప్పట్నించీ ఇంగ్లిషు మీడియం, తెలుగు పత్రికలో నాలుగు వాక్యాలు చదవాలంటే కూడబలుక్కునే మనిషి. అక్క మొహం చూస్తే జాలేసింది, ఆవిడ మధ్యలో ఇరుక్కుంది. అయినా జాలిపడి తల ఊపేస్తే నా పాపకి ఏం చెప్పుకోను? ఆలోచించుకుని చెప్తానన్నాను. మావారికి చెప్తే, ఆయన ఎప్పటిలాగే మనకెందుకు ఈ గొడవ అన్నారు. ఆ తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు ఆయనతో పాటు పనిచేసేవాళ్లు, రోజూ ఒకే క్యాంటీన్‌లో కూచుని తినాలి. ఆయన భయం ఆయనది.

నిజం చెప్పాలంటే ఆ చిక్కులో వాళ్ల వైపు తప్పే కాదు, నా వైపు కూడా ఒకటి ఉంది. ఆ రోజు పిల్లల చేత ఓం నమః శివాయ రాయిస్తారు. అది రాయించడానికి నాకు నోరూ చెయ్యీ రావు, అది నా ఇంటి మాట కాదు కాబట్టి. వచ్చినట్టు నటించడం ఆ దేవుడికీ మర్యాద కాదు, నా దేవుడికీ మర్యాద కాదు. రెండు రోజులు అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ అదే ఆలోచించాను. మా నాయన చంకనెక్కి మేష్టారి అరుగు మీదికి వెళ్లిన రోజు తలుచుకుంటే, దారి ఆయన ఎప్పుడో చూపించాడని తట్టింది. అప్పుడు నేనే అక్క ఇంటికి వెళ్లాను.

“దేవుడి పేరు ఎవరింటిది వాళ్ల అమ్మానాన్నలే రాయించుకుంటారక్కా, దానికి నేనెందుకు? అ మాత్రం నేను రాయిస్తాను. వెనక కూచోను. ఎవరికన్నా ఇష్టం లేకపోతే వాళ్ల పిల్లల్ని పంపొద్దని చెప్పు. ఒక్క పిల్ల వచ్చినా చెప్తాను, ఎవరూ రాకపోతే మా పాపకి చెప్పుకుంటాను.”

 నీతోని గెలుసుడు కష్టమే చెల్లె అని, అక్క ఆ సాయంత్రమే సంఘం వాట్సప్‌లో ఆ మాటే పెట్టేసింది. కింద బొటనవేళ్లు కొన్నే వచ్చాయి. మిగతా వాళ్లంతా చూసి ఊరుకున్నారు.

అటు మసీదులో లాహోరు ఆవిడకి కూడా ఈ సంగతి చేరింది. బియ్యంలో రాయడం అదంతా పరాయి వాళ్ల ఆరాధన కదా, నీకెందుకు అంది. పళ్లెంలో రాసేది అక్షరం, అలీఫ్ లాంటిదే అని నాకు వచ్చిన హిందీలో చెప్పుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, ఈ ఊరు వదిలి వెళ్లేదాకా ఒప్పుకోలేదు. కానీ ఆ రోజు నేను మసీదు నుంచి వచ్చే ముందు పిల్లలకి పంచమని నా చేతిలో ఖర్జూరాల డబ్బా ఒకటి పెట్టింది. మనుషులు ఇలాగే ఉంటారు, ఇందుకే నాకు ఆ నవల మీద కోపం.

ఎవరొస్తారో ఎవరు రారో తెలియని గుబులుతో, పండక్కి ముందు శనివారం సూపర్‌మార్కెట్‌కి వెళ్లాను. పిల్లలకి ఏమన్నా తీపి కొందామని, రంగురంగుల జెల్లీ ఎలుగుబంట్ల ప్యాకెట్ తిప్పి వెనక సన్న అక్షరాలు చదువుతున్నాను. జెలటిన్ ఉంటే అది పందిది అయి ఉంటుంది, కాబట్టి ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే నేను నేర్చుకున్న జర్మన్ మాటల్లో అదొకటి. పక్కన ఇంకెవరో అదే ప్యాకెట్ తిప్పి, కళ్లజోడు పైకి ఎత్తి, అవే అక్షరాలు చదువుతున్నారు. చూస్తే మా సంఘంలోని గుంటూరు ఆవిడ. శుద్ధ శాకాహారులు. నేను పాఠం చెప్పడం ఇష్టం లేని వాళ్లలో ఈవిడే ముందు అని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆవిడకీ తెలుసు. ఇద్దరం ఒకేసారి ప్యాకెట్లు అల్మారాలో పెట్టేశాం. జెలటిన్ లేనివి చివరి అల్మారాలో కింద ఉంటాయండీ, పదండి చూపిస్తాను అన్నాను. ఆవిడ నా వెనకే వచ్చి, రెండు ప్యాకెట్లు తీసుకుని, మొహమాటంగా నవ్వింది.

“మా పాప ప్రాణం తీస్తోందండీ, తెలుగు స్కూలుకి జుకర్‌ట్యూటే లేకుండా వెళ్లనంటుంది. ఎవరో చెప్పారట. మనవాళ్లలో అలాంటిది ఉందా అసలు?”

ఎవరు చెప్పి ఉంటారో నాకు వెంటనే తెలిసిపోయింది. వినాయక చవితి నాడు, నువ్వు తెలుగు కాదు అనిపించుకున్న ఆ పూటే, మా పాప మిగిలిన పిల్లలందరికీ బడి మొదటి రోజు నియమాలు బోధించి వచ్చింది. అది తప్పని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ తరగతికి పాప పేరు ఇవ్వలేదు, అయినా పొట్లం నింపడానికి మిఠాయి కొంటోంది. ఉందండీ, ఇక్కడ మనవాళ్లకి ఉంది అన్నాను.

విజయదశమి రోజు పొద్దున్నించీ సన్నగా వాన. మావారు గొడవ వద్దన్న మనిషే, ముందు రోజంతా నేల మీద చతికిలబడి చార్టు పేపరుతో పొట్లాలు చుట్టారు, లేకుండా వచ్చే పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని. అప్పట్లో డ్రెస్డెన్‌లో సోనా మసూరి దొరికేది కాదు, జర్మన్లు పాలన్నానికి వాడే పొట్టి బియ్యమే పళ్లేల్లో పోశాం. నేను కుర్చీ వేసుకుని తలుపు వైపు చూస్తూ కూచున్నాను. అక్క వాళ్ల అబ్బాయి, మా పాప, అంతే. ఇంకా కాసేపు ఆగితే తలుపు తెరుచుకుంది. తడిసిన గొడుగుల కింద ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు, ప్రతి పిల్ల చేతిలోనూ పిల్లంత పొట్లం. ఒకటి పాత క్యాలెండరు కాగితంతో చుట్టింది, ఒకటి పచ్చళ్ల సీసాలకి చుట్టి వచ్చిన తెలుగు పత్రికతో చేసింది. లోపల వేరుశెనగ ఉండలు, జంతికలు, కొబ్బరి లౌజు, అరటిపండు. మాకేమీ తెలియదు, పిల్లలు ఊరుకోలేదు అని ప్రతి తల్లీ సంజాయిషీ చెప్పుకుంటూ వచ్చింది. వాట్సప్‌లో ఉలుకూ పలుకూ లేని వాళ్లు కూడా వచ్చారు.

ముందు అమ్మానాన్నలు ఎవరింటి పేరు వాళ్లు రాయించారు. ఒక పళ్లెంలో ఓం, ఒక పళ్లెంలో శ్రీరామ. విశాఖపట్నం నుంచి వచ్చిన క్రైస్తవ దంపతులు పిల్లవాడి చేత యేసు అని రాయించి, ఏం రాయించాలో, అసలు రావచ్చో లేదో అని ఎన్నాళ్లుగానో మథనపడ్డామని ఆ రోజు చెప్పారు. వాళ్ల సంగతి మాకెవరికీ అప్పటిదాకా తట్టనే లేదు. మావారు మా పాప వేలు పట్టుకుని, ఆయనకి అరబ్బీ రాయడం రాదు కాబట్టి, బిస్మిల్లా అని తెలుగులోనే రాయించారు. తర్వాత నేను మొదటి పళ్లెం దగ్గర మోకాళ్ల మీద కూచున్నాను. ఒక్కొక్క పిల్ల చేతినీ పట్టి అ రాయిస్తూ వరసలో గుంటూరు ఆవిడ దగ్గరికి వచ్చాను. ఆవిడ అంతకు ముందే తన పాప వేలు పట్టుకుని దేవుడి పేరు రాయించింది, కానీ ఇంకా చెయ్యి వదలలేదు. నేను ఎదురుగా కూచుని ఉన్నాను. ఆవిడ నా వైపు చూడటం లేదు, బియ్యం వైపే చూస్తోంది.   ఆవిడ చెయ్యి విడిపించే హక్కు నాకు లేదు, లేచి పోయే ఉద్దేశం అంతకంటే లేదు. నా చెయ్యి చాపి, ఆవిడ చేతినీ పిల్ల చేతినీ కలిపి పట్టుకుని, ముగ్గురి వేళ్లూ ఒకటిగా బియ్యంలో ఆనించి, అ గుండ్రంగా తిప్పాను. ఆవిడ చెయ్యి మొదట బిగుసుకుని ఉంది, మలుపు తిరిగేసరికి వదులైంది. పిల్ల చేతికి జెల్లీ బంకబంకగా అంటుకుని ఉండటంతో నాలుగు బియ్యపు గింజలు మా ముగ్గురి వేళ్లకీ అతుక్కున్నాయి. ఇంకోసారి రాయిద్దామా టీచరుగారూ అంది ఆవిడ. అలాగే అన్నాను.

ఆ రోజు ఇంటికి వెళ్తూ ట్రాములో మా పాప ఏమీ అడగలేదు. ఒళ్లో పొట్లం పెట్టుకుని జంతికలు నములుతూ, కిటికీ మీద పట్టిన ఆవిరిలో వేలితో అ రాసింది. నేను కొంగు లేని స్కార్ఫు అంచుతో కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత చాలా ఏళ్లు ఆ తరగతి నడిపాను. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కొందరు ఊళ్లు మారారు, అక్క వాళ్లు కూడా కంపెనీ మారి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లిపోయారు. కరోనాలో తరగతి ఆగిపోయింది, మళ్లీ మొదలైనప్పుడు కొత్తవాళ్లు అందుకున్నారు, నాకు మోకాళ్లు సహకరించక దూరంగా ఉండిపోయాను. ఎదురింటి ముసలావిడ లేదు. మా నాయనా లేడు, ఆయన విల్లు మోగే వీధుల్లో ఇప్పుడు ఫోము పరుపుల దుకాణాలట.

మొన్న ఆదివారం సంఘానికి కొత్తగా వచ్చిన కార్యదర్శి, వరంగల్ వైపు పిల్లవాడు, ఇక్కడే చదివి ఇక్కడే ఉద్యోగంలో చేరినవాడు, మా ఇంటికి వచ్చాడు. తెలుగు చక్కగా రాయడం వచ్చిన పిల్ల అని ఎవరో చెప్పారట, ఈ దసరాకి చిన్న పిల్లల చేత అ రాయించడానికి మా అమ్మాయిని అడగడానికి వచ్చాడు. నేనెవరో అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. సోఫాలో కూచుని నాకు పద్ధతంతా ఓపిగ్గా వివరించాడు.

“ఫస్ట్ పేరెంట్స్ వాళ్ల దేవుని పేరు రాయిస్తరాంటీ, ఏ దేవుడైనా సరే. తర్వాత టీచర్ అ రాయిస్తది. జుకర్‌ట్యూటే మాత్రం పక్కా ఉండాలె. మా దిక్కయితే ఈ ఆచారం లేదు, మీ ఆంధ్రా సైడుది అనుకుంట.”

మా అమ్మాయి ఉలిక్కిపడి నా వైపు చూసి నోరు తెరవబోయింది, కళ్లతోనే వారించాను. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. అన్ని రోజుల మథనం, అక్క మొహమాటం, మావారి భయం, ఆ తల్లి బిగించిన చెయ్యి, అవన్నీ ఎటు పోయినట్టు? అంతలోనే కడుపు నిండినట్టయింది. నా రోజుల్లో పోట్లాడి తెచ్చుకోవలసి వచ్చింది ఈ పిల్లలకి ఎప్పట్నించో ఉన్న ఆచారం, దాని వెనక ఎవరన్నా బాధపడి ఉంటారన్న ఊహ కూడా వాళ్లకి లేదు. అటు సోమవారాలు జెండాలు పట్టుకునే వాళ్లు ఇంకా ఉన్నారు, అది మారలేదు. కానీ మా అమ్మాయిని, నువ్వు తెలుగేనా అని అడగడానికి ఎవరూ రాలేదు, తెలుగు రాయించమని అడగడానికి వచ్చారు. రైలెక్కి పోయిన నవల అమ్మాయిని తలుచుకుంటే ఇప్పుడు కోపం పోయి జాలేస్తోంది, పాపం, ఆ పిల్లని చంకనెత్తుకుని ఏ మేష్టారి అరుగు మీదికీ ఎవరూ తీసుకెళ్లి ఉండరు.

వరంగల్ పిల్లవాడు నా జవాబు కోసం చూస్తున్నాడు.

అవును నాయనా, మా వైపు ఆచారమే అన్నాను.